ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులు

ప్ర: విశాఖ నుంచి కారులో అరకు వెళ్దామనుకుంటున్నాం. మా ఐదేళ్ల పాపకు మలుపులు మొదలవగానే వాంతులు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఏలూరు

జ: పాప చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెడుతున్నారా తల్లీ? మా మనవడితో నేనూ అదే తప్పు చేశాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేసరికి నా చీరంతా పెసరట్టు! కళ్లు తెర మీద, ఒళ్లు మలుపుల్లో ఉంటే మెదడు తికమకపడుతుంది. దూరంగా కొండలు చూపించండి. అలాగని కడుపు మాడ్చకండి, బయల్దేరే ముందు ఒకటో రెండో ఇడ్లీలు చాలు. వాంతయితే ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకు చిటికెడు అంటూ ఉజ్జాయింపు లెక్కలొద్దు. మాత్రలు డాక్టర్ని అడిగాకే. అసలు కారెందుకు, విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలే కేకలు!