కంపెనీ ప్యాక్‌కి నా జీతంలోంచి ఇవ్వాలా?

ప్రశ్న: డల్లాస్‌లో హెచ్‌-1బి మీద పనిచేస్తున్నాను. మా కంపెనీ ఒకే కుటుంబానిది. లాభాల్లోంచి సువార్త సంస్థలకు, అబార్షన్‌ను వ్యతిరేకించే రాజకీయ సంస్థలకు పెద్ద మొత్తాలు ఇస్తున్నారు. సోమవారం మీటింగు ప్రార్థనతోనే మొదలవుతుంది, అందరూ రావాల్సిందే. ఇప్పుడు కంపెనీ ‘ప్యాక్‌’కి, అంటే ఎన్నికల కోసం విరాళాలు పోగుచేసే రాజకీయ నిధికి, జీతంలోంచి విరాళం ఇమ్మని మెయిల్ పెట్టారు. ఇదంతా చట్టబద్ధమేనా? కాదంటే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ప్యాక్ సంగతి. ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు అమెరికాలో ఏ ఎన్నికకూ విరాళం ఇవ్వకూడదు, అది నేరం. ‘నా వీసాకి చట్టం ఒప్పుకోదు’ అని ఒక్క లైను రాస్తే చాలు. మతం మాట ఎత్తే పనే లేదు. సిటిజన్ల దగ్గరైనా ఉద్యోగం తీసేస్తామని బెదిరించి వసూలు చేయడం చట్టవిరుద్ధమే.

ఇక యజమానులు ఇచ్చే విరాళాలు. మీకు నచ్చకపోయినా అవి చాలావరకు చట్టబద్ధమే. 2010 నాటి సుప్రీంకోర్టు ‘సిటిజన్స్ యునైటెడ్’ తీర్పుతో కంపెనీలు అభ్యర్థులతో సంబంధం లేకుండా సొంతంగా రాజకీయ ప్రచారానికి ఎంతైనా ఖర్చు చేయవచ్చు. ఫెడరల్ అభ్యర్థి చేతికి నేరుగా ఇవ్వడం మాత్రం 1907 నుంచీ నిషేధమే. కుటుంబ కంపెనీకీ మత విశ్వాసం ఉండొచ్చని 2014లో హాబీ లాబీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. సువార్త సంస్థ ఛారిటీగా నమోదై ఉంటే ఆ విరాళానికి పరిమితి మేరకు పన్ను మినహాయింపు ఉంటుంది, రాజకీయ ఖర్చుకు ఉండదు. వాటాదారు కాని ఉద్యోగి ఈ లెక్కలు అడగలేడు.

ప్రార్థన దగ్గరే మీకు బలం ఉంది. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీకి ఉద్యోగంలో మత వివక్షను నిషేధించే టైటిల్ 7 (1964 పౌర హక్కుల చట్టంలోని భాగం) వర్తిస్తుంది. టెక్సస్‌లోనే సౌత్‌వెస్టర్న్ సేవింగ్స్ కేసు ఉంది. ఆ సంస్థలో టెల్లర్‌గా (నగదు కౌంటర్‌లో) పనిచేసే ఒక నాస్తికురాలిని నెలవారీ మీటింగుకు రావాల్సిందేనన్నారు, ప్రార్థనప్పుడు ‘చెవులు మూసుకో’మన్నారు! ఆమె ఉద్యోగమే మానేసింది. అది మత వివక్షేనని 1975లో అప్పీలు కోర్టు తేల్చింది.

కాబట్టి ప్రార్థన అయ్యాక మీటింగులో చేరతానని హెచ్‌ఆర్‌కి మెయిల్‌లో అడగండి. కాదంటే, వేధిస్తే 180 రోజుల్లోపు ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు చేయండి. ఆ టెల్లర్‌లా ఉద్యోగం మానేయడం మాత్రం వద్దు. ఉద్యోగం పోయాక హెచ్‌-1బి వారికి అమెరికాలో ఉండటానికి మామూలుగా దొరికేది గరిష్ఠంగా 60 రోజులే. రాజీనామా ఆలోచన వస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.