అన్నంలో విషం ఉందంటే ఏమని చెప్పాలి?

ప్రశ్న: మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేరి 3 నెలలైంది. అక్కడ ఉన్న ఒక పెద్దావిడ అన్నంలో విషం కలిపారంటూ పళ్లెం తోసేస్తున్నారు. లేదని ఎంత చెప్పినా నమ్మరు. ఔనని ఒప్పుకోవాలా మేడమ్?

జవాబు: వద్దమ్మా, ఒప్పుకోవద్దు. వాదించవద్దు కూడా. విషం లేదని మీకు తెలుసు. కానీ ఆవిడ భయం మాత్రం నిజం. ఆ భయం గురించే మాట్లాడండి. “అన్నం చూస్తే భయం వేస్తోందా? నాకు అందులో విషం కనబడటం లేదు. కానీ మీరు ఎంత బెదిరిపోయారో తెలుస్తోంది” అనండి. ఎదురుగా నిలబడకుండా, తలుపు దారికి అడ్డం రాకుండా, కాస్త పక్కగా కూర్చోండి. తొక్క తీయని అరటిపండు, విప్పని బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి చూడండి. ఎన్ని పూటలు తినలేదో, నీళ్లు తాగుతున్నారో లేదో రాసి డాక్టరుకు చెప్పడం మరవద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ రోజూ సాయంత్రం కేకలు వేసేవారు. జబ్బు ముదిరిందని రాశాను. వారం తర్వాత పక్కన కూర్చుని అడిగితే, “నా చీర ఏదమ్మా?” అన్నారు. ఆసుపత్రిలో చేర్చుకున్న రోజున మేమే మార్పించి మూట కట్టేశాం. కూతురు మొదటి జీతంతో కొన్న చీర అది! ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రోగులు కోరుకుంటే సొంత బట్టలే కట్టుకోవచ్చని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అప్పట్లో మాకు ఆ మాట చెప్పినవారు లేరు.

ఇంట్లో తనకు ఎవరు వడ్డించేవారో ఆ పెద్దావిడను అడిగారా? రేపు అడగండి.