ప్రపంచ కప్ తర్వాత సంగతి, ముందు మూడో రౌండ్ చేరండి చాలు

"ఇండియా ఫుట్‌బాల్ జట్టు ప్రతి క్వాలిఫయర్స్‌లోనూ మధ్యలోనే ఇంటికొచ్చేస్తుంది కదా, ఇంకా ఏ ఆశతో చూస్తున్నారు?" అని అడిగారు. నా ఆశ చిన్నదే. మనవాళ్లు ప్రపంచ కప్ ఆడాలని నేనేం కలలు కనడం లేదు. ఆసియా క్వాలిఫయర్స్‌లో ఒక్కసారి మూడో రౌండ్‌కి చేరితే చాలు. ఇప్పటిదాకా మనం ఆ గడప తొక్కలేదు.

మూడో రౌండే ఎందుకంటే, అక్కడ మ్యాచ్‌లు దొరుకుతాయి. 2026 ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో ఆ రౌండ్‌కి 18 జట్లు వెళ్లాయి. ఆరేసి జట్లతో మూడు గ్రూపులు, ఒక్కో జట్టుకి సొంతగడ్డ మీదా బయటా కలిపి 10 మ్యాచ్‌లు. రెండో రౌండ్‌లో మన గ్రూపు నుంచి రెండో స్థానం దక్కించుకుని వెళ్లింది కువైట్. అక్కడ వాళ్లు ఒక్కటీ గెలవలేదు, 5 డ్రాలు, 5 ఓటములు, చివరి స్థానం. అయినా నాకు కుళ్లే. దక్షిణ కొరియా కువైట్‌కి వచ్చి ఆడింది. ఆ తర్వాత ప్రపంచ కప్‌కి వెళ్లిన జోర్డాన్‌తో రెండుసార్లూ డ్రా చేసుకున్నారు. ఆ స్థాయి జట్లతో ఏడాది పొడవునా ఆడితే కుర్రాళ్లు ఎంత రాటుదేలతారో ఊహించండి. ఫ్రెండ్లీలతో అది రాదు.

మనకి ఆ అవకాశం పోవడానికి దోహాలో జరిగిన అన్యాయమే కారణమని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. 2024 జూన్ 11న ఖతార్ మీద ఛాంగ్తే గోల్‌తో మనం ముందంజలో ఉన్నాం. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయాక లోపలికి లాగి గోల్ కొట్టారు, రిఫరీ ఇచ్చేశాడు. టీవీ ముందు నేనూ గొంతు పోయేలా అరిచాను. కానీ లెక్క చూడండి. ఆ గోల్ తీసేసినా 85వ నిమిషంలో ఖతార్ ఇంకొకటి కొట్టింది కాబట్టి మ్యాచ్ 1-1, మనకి 6 పాయింట్లు. అదే రాత్రి అఫ్గానిస్థాన్ మీద గెలిచిన కువైట్‌కి 7. (ఆ తప్పుడు గోల్ పడకపోతే మనవాళ్లు డీలా పడేవారు కాదు, రెండో గోలూ పడేది కాదు అంటారా, అది ఒప్పుకుంటాను.)

నా దృష్టిలో మనం మునిగింది అంతకుముందు మార్చిలో, గువాహటిలో. మన స్ట్రైకర్ సునీల్ ఛెత్రికి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. పెనాల్టీతో మనల్ని ముందుంచాడు కూడా. 70వ నిమిషం దాకా ఆధిక్యం మనదే, చివరికి అఫ్గానిస్థాన్ చేతిలో 1-2. ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే మనకి 8 పాయింట్లు, దోహాలో ఏం జరిగినా ముందుకెళ్లేవాళ్లం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనం కువైట్ వెళ్లి మన్వీర్ సింగ్ గోల్‌తో గెలిచాం, సొంతగడ్డ మీద మాత్రం మూడింట్లో ఒక్కటీ గెలవలేదు. తర్వాత ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లోనూ అదే తంతు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, గోవాలో సింగపూర్ చేతిలో 1-2, దాంతో 2027 ఆసియా కప్ ఆశలూ గల్లంతు.

2024లో గచ్చిబౌలిలో మారిషస్‌తో ఆడిన మ్యాచ్‌కి వెళ్లాను. 0-0. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి తెలియదు గానీ, స్టేడియంలో కూర్చుంటే జబ్బు ఎక్కడుందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. వింగ్‌లో, అంటే మైదానం అంచున, పరుగు బాగానే ఉంటుంది, అక్కణ్ణుంచి గోల్ ముందుకి క్రాస్ వస్తుంది, పెనాల్టీ బాక్సులో అందుకోవడానికి ఒకే ఒక్కడుంటాడు, వాడి చుట్టూ ముగ్గురు. దీనికి కోచ్‌ని తిట్టి లాభం లేదు. మన లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో క్లబ్బులు గోల్స్ కోసం ఎక్కువగా విదేశీ స్ట్రైకర్ల మీదే ఆధారపడతాయి, మనవాళ్లని వింగ్‌కి పంపేస్తాయి. ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ రెండో రౌండ్‌లో ఆరు మ్యాచ్‌ల్లో మనం కొట్టిన గోల్స్ మొత్తం 3, అందులో ఒకటి పెనాల్టీ. రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోండి. దానికి తోడు 2025లో మొదలవ్వాల్సిన ఐఎస్ఎల్ సీజన్ ఆ ఏడాది మొదలే కాలేదు. ఆటగాళ్లకి మ్యాచ్‌లే లేకపోతే ఫామ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కోచ్‌గా ఖాలిద్ జమీల్ వచ్చాక, మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం నడిపే సీఏఎఫ్ఏ నేషన్స్ కప్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. గోవాలో సింగపూర్ మ్యాచ్ చూశాక ఆ సంబరం ఆవిరైపోయిందనుకోండి. అయినా బలమైన జట్టు ఎదురుగా ఉంటే మనవాళ్లు ఒళ్లు దాచుకోకుండా ఆడతారు, 2019లో దోహాలో ఖతార్‌ని 0-0తో ఆపింది కూడా మనమే. తేలాల్సింది మనకి సమానమైన జట్ల దగ్గర. వచ్చే క్వాలిఫయర్స్‌లో గ్రూపుల కోసం డ్రా తీసినప్పుడు నేను చూసేది పెద్ద జట్టు ఏదని కాదు, మూడో బలమైన జట్టు ఏదని. దాన్ని మన దగ్గర ఓడించగలిగితే రెండో స్థానం వస్తుంది. ఆ పైన జపానో కొరియానో గచ్చిబౌలికి వచ్చి మనల్ని 4-0తో కొట్టినా, టికెట్ కోసం లైన్లో ముందు నేనే ఉంటాను.