డాక్యుమెంటేషన్‌లో తప్పులు దిద్దితే కెరీర్‌కు ఉపయోగమా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఒకచోట అక్షరదోషం, మరోచోట పనిచేయని లింకు కనిపించాయి. సరిచేసి పంపాలనుంది. కోడ్ రాయకుండా ఇవి చేస్తే టైమ్ వేస్ట్ అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: తప్పకుండా పంపండి. ఆ లింకు నొక్కి దారి తెలియక ఆగిపోయే కొత్తవాళ్లకు అది చిన్న విషయం కాదు.

పైథాన్ డాక్యుమెంటేషన్ ఉండేది భాష సోర్స్‌కోడ్ ఉన్న గిట్‌హబ్ రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లో ఉండే చోటు), ‘డాక్’ అనే ఫోల్డర్‌లో. అందుకే ఒక్క అక్షరం దిద్దినా పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థన) పెట్టాలి, మీ మార్పును వాడుకోవడానికి అనుమతిచ్చే కంట్రిబ్యూటర్ ఒప్పందంపై సంతకం చేయాలి, రివ్యూ చేసేవాళ్ల సందేహాలు తీర్చాలి. ఉద్యోగంలో చేరాక రోజూ చేసే పని తీరు ఇదే. అక్షరదోషాలకైతే ముందుగా ఇష్యూ (సమస్యను తెలియజేసే పోస్టు) తెరవక్కర్లేదు కూడా.

అయితే అక్కడితో ఆగకండి. ట్యుటోరియల్‌లోని ఉదాహరణలను మీ కంప్యూటర్‌లో రన్ చేసి, వచ్చిన ఫలితాన్ని పేజీలో ఉన్నదానితో పోల్చండి. ఇఫ్ లైన్ చివర కోలన్ మర్చిపోయారనుకుందాం. పైథాన్ 3.9లో ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ అని ఊరుకునేది. 2021లో వచ్చిన 3.10 నుంచి కోలన్ ఉండాలని సూటిగా చెబుతోంది. ఎక్కడైనా పాత సందేశం కనిపిస్తే అది తప్పేనా, లేక మీరు తెరిచింది పాత వెర్షన్ పేజీయా? పేజీ పైన వెర్షన్ చూడాలి, రెండు వెర్షన్లలోనూ రన్ చేయాలి, ఎవరైనా ఇప్పటికే సరిచేసి పంపారేమో వెతకాలి. ఇంత చేశాక మీరు మార్చేది ఒక్క లైనే కావచ్చు. కానీ ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే తడుముకోకుండా చెప్పగలరు. నా దృష్టిలో అసలు లాభం అదే.

సంఖ్య పెంచుకోవడానికి మాత్రం చేయొద్దు. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్ అందరికీ అందుబాటులో ఉండేవి) మార్పులు పంపమని ప్రోత్సహించే అక్టోబర్ కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్. 2020లో అందులో ఇచ్చే టీషర్టు కోసం చాలామంది డాక్యుమెంటేషన్‌లో అర్థంలేని మార్పులు పంపి ప్రాజెక్టులవాళ్లను విసిగించారు. దాంతో ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే ఆ కార్యక్రమాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. సరిగ్గానే ఉన్న వాక్యాన్ని మీకు నచ్చినట్టు తిరగరాయడం కూడా ఇలాంటిదే. రివ్యూ చేసేవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో పనిచేసే వాలంటీర్లు. మీ మార్పు వద్దన్నా టెన్షన్ పడకండి, కారణం చదివి ముందుకెళ్లండి.

రెజ్యూమెలో ‘పైథాన్ డెవలపర్‌ని’ అని రాయొద్దు. ‘పైథాన్ డాక్యుమెంటేషన్‌లో పనిచేయని లింకు సరిచేశాను’ అని ఉన్నదున్నట్టు రాసి, పక్కనే పుల్ రిక్వెస్ట్ లింకు ఇవ్వండి. అదీ మార్పు మెర్జ్ అయ్యాకే, అంటే ప్రాజెక్టులో చేరాకే. మీ స్నేహితుల మాటలోనూ కొంత నిజముంది. సొంత ప్రాజెక్టు లేకుండా ఇదొక్కటే చూపిస్తే సరిపోదు. వారంలో ఎక్కువ సమయం కోడ్ రాయడానికే ఉంచండి. ఆ కోడ్ కోసం డాక్యుమెంటేషన్ తిరగేస్తున్నప్పుడే తప్పులు వాటంతటవే కంటపడతాయి.