ఎత్తు చెప్పే ముందు

అమ్మలూ,

నువ్వు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పీజీ చేరావని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. శవాల మధ్య పిల్ల ఎలా ఉంటుందన్నయ్యా అని దాని బెంగ. నాకా బెంగ లేదు. ముప్పై ఏళ్లు నేను చేసిన పనిలోకి నా మేనకోడలు వస్తోందంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో. నా భయం వేరు. కాలవలో దొరికిన ఎముకలు మీ దగ్గరికి వచ్చాయట, వాటిని బట్టి ఆ మనిషి ఎత్తు లెక్క కట్టే పని నీకే అప్పగించారట.

మట్టి కడిగి, నీడన ఆరబెట్టు. టేపుతో కాదు, ఎముకలు కొలిచే ఆస్టియోమెట్రిక్ బోర్డు మీదే కొలవాలి. మూడుసార్లు కొలిచి మూడూ రాసుకో. ముందు ఆడా మగా తేల్చుకో, సూత్రాలు ఇద్దరికీ వేరు. ఇవి మీ మేడమ్ ఎలాగూ చెబుతారు.

నేను చెప్పాల్సింది నా మొదటి కేసు గురించి. ఒక తొడ ఎముక వచ్చింది, సరిగ్గా 44 సెంటీమీటర్లు. తొడ ఎముక పొడవు నుంచి మనిషి ఎత్తు రాబట్టడానికి పుస్తకంలో ఉన్న గుణకం 3.7తో గుణించాను, 162.8 సెంటీమీటర్లు వచ్చింది. ఎస్సై ఫోన్ చేసి, "ఒక్క నంబర్ చెప్పండి డాక్టర్ గారూ, స్టేషన్లకు పంపాలి" అన్నాడు. 5 అడుగుల 4 అంగుళాలు అని చెప్పేశాను. రిపోర్టులోనూ అదే రాశాను.

పక్క జిల్లాలో ఒక కుర్రాడు తప్పిపోయినట్టు కంప్లైంట్ ఉంది. అందులో ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. రెండంగుళాలు తేడా కదా అని ఆ ఫైలు పక్కన పెట్టేశారు. పద్నాలుగు నెలల తర్వాత, పుర్రెను ఫోటోతో సరిపోల్చినప్పుడు, ఆ కుర్రాడేనని తేలింది.

వాళ్ల నాన్న వచ్చాడు. నా రిపోర్టు ఎవరితోనో చదివించుకుని, "మావాడు పొట్టివాడు కాదు సార్" అన్నాడు. ఎత్తు ఎలా చెప్పారయ్యా అని అడిగితే, చెయ్యి తన చెవి దగ్గర పెట్టి చూపించాడు. "ఇక్కడిదాకా వచ్చేవాడు." దాన్నే ఎవరో అడుగులు, అంగుళాలుగా మార్చి రాశారు. పద్నాలుగు నెలలూ ఆయన ప్రతి బస్టాండులో కొడుకు కోసం వెతికాడు. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఇప్పుడు చూడు. ఈ గుణకాలు లెక్కగట్టిన పరిశోధకులు బెంగాల్లో పాన్, ఉత్తరాదిన నాట్, పంజాబులో సిద్దిఖీ, షా, ఎవరి గుణకం వాళ్లది. తొడ ఎముకకు సుమారు 3.6 నుంచి 3.8 దాకా ఉన్నాయి. నా 44ను 3.8తో గుణిస్తే 167 దాటుతుంది. అంటే దాదాపు ఆ కంప్లైంటులో ఉన్న ఎత్తే! అమెరికాలో ట్రాటర్, గ్లెసర్ ఇచ్చిన సూత్రంలో కూడా ఒక్క తొడ ఎముకకే 3 సెంటీమీటర్లకు పైగా ప్రామాణిక దోషం, అంటే లెక్క అటూ ఇటూ తప్పే మేర, ఉంది. దాన్ని రెట్టింపు చేస్తే గానీ నూటికి తొంభై అయిదు మంది ఆ హద్దుల్లోకి రారు. ఎస్సై ఎంత తొందరపెట్టినా "ఇంత నుంచి ఇంత" అనే చెప్పు, అమ్మలూ. విసుక్కుంటే విసుక్కోనీ.

ఏ సూత్రం వాడావో, అందులో ఎముకను ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో కూడా రాయి. మిల్డ్రెడ్ ట్రాటర్ అంతటి ఆవిడ, యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల టిబియాలు, అంటే మోకాలి కింది పెద్ద ఎముకలు, కొలిచి 1952లో సూత్రం ఇచ్చారు. చీలమండ దగ్గరి మొనను కలిపినట్టు రాశారు గానీ, నిజానికి కలపలేదని 1990లలో బయటపడింది. కొలతలో సెంటీమీటరు తేడా వస్తే ఎత్తులో రెండున్నర అవుతుంది. ఆవిడకే తప్పలేదు, నువ్వు కంగారు పడకు. కానీ జాగ్రత్తగా ఉండు.

కుటుంబం వాళ్లు వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. ఎత్తు ఎంత అని అడగకు, ఎలా తెలుసని అడుగు.

అన్నం వేళకు తిను. మీ అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి, ఎముకల సంగతి మాత్రం ఎత్తకు. అవి నాకు చెప్పు. ఆ తొడ ఎముక మూడు కొలతలూ ఈ రాత్రికే పంపు, నేనూ ఇక్కడ లెక్క కట్టి చూస్తాను.

మీ మావయ్య