కావలి-నెల్లూరు రోజూ తిరిగే స్విఫ్ట్‌కు ఏ టైర్లు?

అన్నా, కావలి నుంచి నెల్లూరుకు ఆఫీసు కోసం రోజూ రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతోందని, తక్కువ ధరలో మైలేజీ ఇచ్చే 165/80 ఆర్14 సైజు టైర్లు చెప్పమని అడిగారు.

మీది దాదాపు అంతా హైవేనే కాబట్టి తేలిగ్గా దొర్లే టైరు కావాలి. బ్రిడ్జ్‌స్టోన్ ఎకోపియా రకం అందుకోసమే చేసింది. మీ చోట నేనుంటే మాత్రం అపోలో అమేజర్ 4జీ లైఫ్ తీసుకుంటాను. ఏడాదికి 30 వేల కిలోమీటర్లు తిరిగే బండికి మన్నికే అసలు పొదుపు. షాపులో వెడల్పు టైర్లు వేయించుకోమంటారు, ఒప్పుకోకండి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 1425 అంటే 2025లో 14వ వారం తయారీ. బాగా పాత స్టాకు వద్దు.

అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉండేలా సర్దించడం, మాత్రం మరవకండి. నేను ఒంగోలు నుంచి తిరిగే రోజుల్లో కొత్త టైర్లు వేయించి అది చేయించలేదు. ఆరు నెలలకు బయటి వైపు గాడులు బాగానే ఉన్నాయి. చక్రం తిప్పి లోపలి అంచు తడిమితే నున్నగా ఉంది, ఒకచోట టైరు లోపలి ఇనుప తీగ వేలికి గుచ్చుకుంది. గుండె ఝల్లుమంది. ఆ టైరుతోనే ముందురోజు పిల్లల్ని తీసుకెళ్లాను.

గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోండి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. మన ఎండల్లో హైవే మీద నడిచిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు తీసేయకండి. స్టెప్నీ కూడా చూడండి.