దొరకని నెల

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతో పంపిన నీ కథ అందాయి. చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న చందమామ సీరియల్‌ని ఇన్నేళ్ళకి మళ్ళీ తెరిస్తే "ఇంతేనా" అనిపించిందని, ఇక దాని జోలికి పోనని రాశావు. తొందరపడకు. ఇంకొక్కసారి తెరువు.

నా సంగతి చెప్తాను. 1954లో చందమామలో మొదలైన 'తోకచుక్క' సీరియల్ నాకు చాలా ఏళ్ళ తర్వాత మా మేనత్త వాళ్ళింట్లో దొరికింది. ఎవరో నెలనెలా పేజీలు చించి, పురికొసతో కుట్టి పెట్టిన కట్ట అది. మధ్యలో ఒక నెల భాగం లేదు. కథానాయకుడు సమరసేనుడు గండంలో ఉండగా పేజీ అయిపోయేది, తర్వాతి పేజీలో ఎలాగో బయటపడి ఉండేవాడు. ఆ కట్ట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

యాభై దాటాక పాత సంచికలన్నీ వరసగా దొరికాయి. నాకు బాగా గుర్తున్న ఒక ఘట్టం కోసం వెతికాను. లేదు. ఆ దొరకని నెలలో ఉంటుందని ఆత్రంగా తెరిచాను. అందులోనూ లేదు. అక్కడ సమరసేనుడు వేరే దారిన బయటపడ్డాడు. నేను నలభై ఏళ్ళు మోసుకు తిరిగింది, తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఖాళీలో నేనే అల్లుకున్న కథ! ఆ రోజు ఎంతసేపు అలా కూర్చుండిపోయానో.

అప్పుడు మళ్ళీ మొదటినుంచి, ఈసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నా మనసులో ఉన్న అడవి చాలావరకు చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మల్లోది. ఆ సీరియల్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి వాక్యాలు ఎంత సాదాగా ఉన్నాయో! ఎవరు వచ్చారు, ఏం చేశారు, ఎవరు పారిపోయారు, అంతే. భయం మాత్రం చదివేవాడికి వదిలేశారు. సీరియల్‌కి ఆయన పేరు కూడా వేసేవాళ్ళు కాదు ఆ రోజుల్లో. అన్ని నెలలు మనల్ని నిద్రపోనివ్వని మనిషి పేరు తెలియకుండానే పెరిగాం.

లోపాలూ కనిపిస్తాయి, దాచుకోకు. ఆడవాళ్ళ ఊసు చాలా తక్కువ. మా మేనత్త కూతురూ నాతోపాటే ఆ కట్ట చదివింది. ఆటలో నేను సమరసేనుణ్ణి, మా బావ మాంత్రికుడు ఏకాక్షి, ఆ పిల్లకి ఏ వేషమూ మిగల్లేదు. ఇది అప్పుడు నాకు తట్టనే లేదు.

పుస్తకం తెరిచేముందు నీకు గుర్తున్నదంతా నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత చదువు. నీకు గుర్తుండి పేజీలో లేనిది ఎక్కడుందో, దానికి ముందు వాక్యం దగ్గర ఆగు. రచయిత నీకు అక్కడ ఎంత చోటు వదిలాడో చూడు. నువ్వు పంపిన కథలో అడవికే పేజీన్నర వర్ణన ఉంది. నాకు నిలబడటానికి చోటు లేదు అందులో.

రాతి గుమ్మం దగ్గర పాము ఉండాలి, ఎంత వెతికినా కనపడలేదు అని బాధగా రాశావు కదా. ఆ పాము కథ రాసి పంపు. అది తల ఎటు తిప్పిందో చెప్పు, చాలు.

ప్రేమతో,
మీ అన్నయ్య